తూము కాడ

ముప్పయ్యేండ్లు కాల్వ మీద లష్కర్‌ని నేను.
హాలియా అవతల పదకొండో నంబరు తూము,
షట్టర్ చక్రం నా చేతిల గిర్రున తిరిగేది.
నీళ్లు ఆపితే కిందోళ్లు కట్టెలు పట్టుకొచ్చేటోళ్లు,
వదిల్తే పైవాళ్లు తిట్టేటోళ్లు.

ఆ తెల్లారుగట్ల
రొమ్ము మీద ఎవరో షట్టర్ దించిన్రు.
చెమట. ఎడమ దవడ గుంజుడు.
గ్యాసనుకొని సోడా తాగిన.

మిర్యాలగూడ దవాఖానల నర్సు సువార్త
కాగితం మీది గీతలు చూసి
"జానయ్యా, నెత్తురు గడ్డకట్టింది" అన్నది.

గడ్డకట్టుడు తప్పా?
కొడవలి కోసుకపోయి బొటనవేలు వేలాడిననాడు
ఆ గడ్డే గదా నన్ను బతికించింది.
దానికేం ఎరుక, గాయం ఏ తావుననో.
గుండె నరంల పగిలిన చిన్న పుండును
తెగిన వేలే అనుకున్నట్టుంది,
ఉరికొచ్చి దారి మూసింది.

కరిగించేటోడు గూడ ఒంట్లనే ఉంటడట.
ఒకడు కట్టాలె, ఎనక నుంచి ఒకడు ఊడదియ్యాలె,
వారబందీ లెక్క.
నా ఒంట్ల వాడు డ్యూటీకి రాలే.
షుగరో, బీడీయో, ఎవరు ఆపిన్రో.

సువార్త గడియారం దిక్కు చూసుకుంట
సూదిమందు ఎక్కించింది.
గుర్రపుడెక్క గుంజి పారేసినంక
కాల్వ ముందు బుడబుడమంటది,
తర్వాతనే పారుతది.
నా రొమ్ముల గట్లనే.

ఇప్పుడు పండ్లు తోముతే చిగుళ్ల నెత్తురు.
గడ్డం గీసుకుంటె ఒక పట్టాన ఆగదు.
గోలీలు మానొద్దు, నీ అంతల నువ్వు పెంచొద్దు అన్నరు.
తెల్సు నాకు.
షట్టర్ పూరాగ లేపినా కట్ట తెగుతది.

నిన్న తూము కాడికి పోయిన.
కొత్త పిలగాడున్నడు.
చక్రానికి గ్రీజు లేదు.
పెట్టమని చెప్పి, కట్ట మీద కూసున్న.