గురువారం నూనె

లెసోతో కొండల మీద మంచు పడిన గురువారం
రేకుల గుడిలో పదకొండు మందిమి.
దగ్గుమందు సీసాలో ఆలివ్ నూనె.
చలికి పేరుకుపోతే
చంకలో పెట్టుకుని కరిగించడం నా పని.

పదకొండు మందికి ఓ స్వస్థత కూడికా అని
బిషప్ ఆఫీసు ఉత్తరం రాసింది.
జవాబు రాయాల్సిందీ నేనే.

ట్లాలీ తాత ముందు బల్ల మీద కూర్చున్నాడు.
ఇరవై రెండేళ్లు బంగారు గనిలో
రాతిధూళి పీల్చి
ఇప్పుడు మాటకీ మాటకీ మధ్య
ఒక మెట్టెక్కినంత ఆయాసం.

పాస్టర్ మాలెఫా అతని నుదుట సిలువ గీసింది.
మేమంతా చేతులు ఆనించాం,
ఉన్ని దుప్పటి మీద, భుజాల మీద,
చెయ్యందని పిల్లాడు చెప్పు మీద.

ఊపిరితిత్తులు బాగవలేదు.
ముందే చెప్పేస్తున్నా, అద్భుతం కోసం చూడకండి.
క్లినిక్ మాత్రలు ఆపొద్దని
ఆమేన్‌కి ముందే హెచ్చరించిందావిడ.

కానీ తాత అన్నాడు:
"గనిలోంచి పంపేసిన రోజు
డాక్టరు ఎక్స్‌రేని తాకాడు, నన్ను కాదు.
తొమ్మిదేళ్లయింది
నన్నెవరైనా ముట్టుకుని."

ఎవరికీ ఏమనాలో తెలీలేదు.
పొయ్యిలో పిడక చిటపటమంది.

అప్పుడు లేచాడు, గోడ పట్టుకుని,
మధ్యలో రెండుసార్లు ఆగి,
మాలెఫా దగ్గరికి నడిచాడు.
పోయిన నెలే కూతుర్ని మట్టికిచ్చిన మనిషి.
ఆవిడ కోసం ఎవరు ప్రార్థిస్తారో
మాకు తోచనే లేదు.

నూనె ఇమ్మని నావైపు చెయ్యి చాపాడు.

సీసా ఇంకా వెచ్చగానే ఉంది.