పిచ్చకుంచం

బేగంబజార్ల మాది తూకాల దుకాణం.
కిరాణా కాంటాలు, బంగారం కాంటాలు,
పసిపిల్లల్ని పండబెట్టి చూసే దవాఖాన కాంటాలు.
ఏటా ఒకసారి తూనికల సాహెబు వస్తడు.
ప్రతి బాటును బోర్లేసి
అడుగున సీసం మీద ముద్ర గుద్దుతడు.
ముద్ర లేని బాటు
మా ఇంట్ల తలుపుకు ఎదురుపెట్టేందుకే.

సరుకంతా కార్డు మీదనే కొన్న, ఏడేండ్లు.
వందకు ఇన్ని అని పాయింట్లు పడ్డయి.
జగదాంబ నడుముకు తీసిన స్కానింగు,
మిద్దె మీద నీళ్ళ ట్యాంకు,
ఆఖరికి చిన్నమ్మ దినాల భోజనాలు గూడ
పాయింట్లయి కుప్పపడ్డయి.
జర్మనీల తూకాల ఎగ్జిబిషనుకు రెండు సీట్లు.
పండుకునే సీట్లు. ఆమె నడుము కోసం.

రాత్రి రెండు గంటలకు శంషాబాద్.
కౌంటర్ల పిల్ల, బిళ్ళ మీద రిజ్వానా అని ఉంది,
తెర దిక్కు చూసింది, మా దిక్కు చూసింది,
మళ్ళ తెర దిక్కే చూసింది.
"విమానం మారింది సార్, ముందు సీట్లు తక్కువైనయి.
మీవి రివార్డు టికెట్లు కదా..."
ఆ 'కదా' దగ్గర ఆగింది.
పాపం, ఆమెకు గూడ నిద్ర లేదు.

ముందర ఒకటి, వెనక ఒకటి.
"నువ్వు పండుకో, నేను కూసుంట తియ్" అన్నది జగదాంబ,
నడుం పట్టీ బిగించుకుంటూ.
మొండికేసి ముందుకు పంపిన.

ఏ సముద్రం మీదనో, ఏ ఝామో,
పరదా తప్పించుకొని వచ్చింది.
చేతిల వాళ్ళిచ్చిన వేడి తువ్వాలు, అప్పటికి సల్లగైంది.
"నిద్ర వస్తలేదు. అంత మెత్తగుంటే
ఎవరిదో పడక మీద పండుకున్నట్టుంది."
నా సీటు పట్టుకొని నిలబడ్డది, చాన సేపు.

తిరిగొచ్చినంక జవాబు వచ్చింది:
నష్టపరిహారం టికెట్ ధరల ఇంత శాతం,
తమరి టికెట్ ధర సున్నా.
దుకాణం కాలిక్యులేటర్ మీద కొట్టి చూసిన.
సున్నాను ఏ కాంటా మీద పెట్టినా ముల్లు కదలదు.
దయతలచి రెండువేల పాయింట్లు వేసినరట.

మా బావ విశ్వనాథం నవ్విండు:
"పుణ్యానికి పుట్టెడిస్తే
పిచ్చకుంచమని కొట్లాడినట్టుంది నీ యవ్వారం."
పుణ్యం ఎక్కడిది బావా?
గింజ గింజ పోసింది నేను.
కుంచం వాళ్ళది, కొలిచే చెయ్యి వాళ్ళది,
రాత్రికి రాత్రి కుంచం అడుగు
పైకి జరిపింది గూడ వాళ్ళే.

ఈ ఏడు సాహెబు వస్తే అడిగిన,
"పాయింటుకు ముద్ర ఎవరేస్తరు సాబ్?"
చాయ్ ఊదుకుంట నవ్విండు,
ఇంకో బాటు బోర్లేసిండు.

ఫిర్యాదు కాయితంల ఒక గడి ఉంది, 'నష్టం ఎంత' అని.
నేను లెక్కలు కడుతుంటే
జగదాంబ పెన్ను గుంజుకొని రాసింది:
తొమ్మిది గంటలు.

"రూపాయలల్ల రాయాలెనమ్మా" అన్నడు వకీలు,
తెల్ల రంగు పూసి
గడిని మళ్ళ ఖాళీ చేసుకుంట.