పదకొండో సెషన్

దువ్వెనతో పాయ తీసి
నెత్తిన చల్లటి జిగురు రాస్తాను.
"నత్త పాకినట్టుంది," అంటాడు యుర్రె.
ప్రతిసారీ అదే మాట. ప్రతిసారీ నవ్వుతాం.

తొమ్మిదేళ్లకే మూడు బళ్లు మారాడు.
వాళ్లమ్మ బయట కోటు విప్పకుండానే కూర్చుంటుంది,
ఏ క్షణమైనా ఎవరో ఫిర్యాదుతో వస్తారన్నట్టు.

తెర మీద ఒక పడవ.
బుద్ధి నిలిస్తే నది తేటపడుతుంది,
చెదిరితే మంచు కమ్ముతుంది.
అంతే ఆట.

వాడు పళ్లు బిగిస్తాడు, పిడికిళ్లు బిగిస్తాడు.
ఎంత బిగిస్తే అంత మంచు.
"చూస్తూనే ఉన్నా కదా!" గొంతులో జీర.
నాకు చెప్పడం రాదు,
ఇదీ నిద్రలాంటిదే, పిలిస్తే రాదని.

ఇవాళ కిటికీ అవతల వాల్ నది మీద
సగం మునిగినట్టున్న ఇసుక బార్జి
ఎదురీదుతూ పోతోంది.
డెక్కు మీద ఆరేసిన దుప్పటి, ఒక కుక్క.
వాడు అటు తిరిగాడు.
మందలించబోయి తెర వైపు చూశాను.

మంచు లేదు.
పడవ నడుస్తోంది, ఎవరూ చూడని నదిలో.

బార్జి వంతెన దాటేదాకా
నేను ఊపిరి కూడా మెల్లగా తీశాను.

రిపోర్టులో ఒక గడి: తెర చూశాడా?
లేదు అని రాయాలి.
పెన్ను పట్టుకుని కూర్చున్నాను.
వాడి జుట్టులో జిగురు ఎండుతోంది.
"ఆ కుక్క పేరేమై ఉంటుంది?" అన్నాడు.