ఏడూ నలభై రెండు

బ్రాడీపేట మేడ మీద, వడియాల పక్కన
నేను చుట్టిన రాగితీగ చట్రం.
మిట్టమధ్యాహ్నం మిర్చి ఘాటుకి తుమ్ముతూ చూశాను:
గీత ఒక్కసారిగా ఎగిరింది.

సూర్యుడేదో విసిరాడు.
గోడగడియారం ఒకటీ పన్నెండంటోంది;
మా ఉమ్మడి చిట్టాలో ఏడూ నలభై రెండని రాయాలి.
మొదటి ఏడాది మన టైమే రాసేసి
పదకొండు దేశాల చేత అక్షింతలు వేయించుకున్నాను.

నైరోబీ నుంచి ఒటియెనో: అదే నిమిషం, అదే ఎగురు.
ఇస్తాంబుల్ గీతకి నడుమ తెంపు,
వాళ్ల కరెంటూ మన కరెంటు లాంటిదే.

పెరూలో ఎవారిస్తో మాత్రం మొహమాటపడ్డాడు:
"మాకిక్కడ అర్ధరాత్రి దాటింది. ఏమీ పడలేదు. పంపనా?"

పంపు నాయనా.
నీ చదును గీత లేకపోతే
వెలుగు ఎందాకా వచ్చి ఆగిందో
మాకెలా తెలుస్తుంది?