పాయింటు

స్కాను ఫిల్మును కిటికీ వెలుతురుకెత్తి
డాక్టరమ్మ చిటికెనవేలు పెట్టి చూపించింది.
"ఇదిగో, ఇక్కడ. శనగగింజంత."

ఇరవై రెండేండ్లు బోరులారీ మీద బతికినోణ్ణి.
పుంగనూరు, పలమనేరు, రామసముద్రం,
ఏ చేనులో ఎన్నో అడుగుకు రాయి తగిలిందో
నిద్రలో లేపి అడిగినా చెప్తాను.
నా రొమ్ములోనే ఒక పాయింటు ఉండాదని
నాకే తెలీలేదు.

"ముక్క తీసి చూడాల దొరసామీ.
రాతిదుమ్ము గడ్డకట్టిందో, టీబీ మచ్చో,
ఇంకేమన్నానో,
ఫిల్ము అంతవరకే చెప్తుంది."

తీసేదానికి రెండు దావలంట.

ఒకటి బయట నుంచి:
పక్కటెముకల సందులో సూది.
ఒక్కోసారి గాలి కారి ఊపిరితిత్తి ముడుచుకుంటుందని,
అప్పుడు పక్కలో పైపేసి రెండు దినాలు పడుకోబెడతామని
సాయంత్రం వాన రావచ్చన్నట్టు చెప్పింది.

రెండోది లోపల నుంచి:
మత్తిచ్చి, గొంతులోంచి సన్న గొట్టం దింపి
మొదలు నుంచి కొమ్మకు, కొమ్మ నుంచి రెమ్మకు
గాలి పోయే దావలోనే పోతుందంట,
స్కాను గీసిన పటం చూసుకుంటా.
నడిపేది రోబో. దానికి చెయ్యి వణకదు.
మద్రాసులో ఉండాదంట.
లెక్క ఎంతవుతుందని అడిగితే చెప్పింది.
ఆ లెక్కతో మూడు బోర్లు వెయ్యచ్చు,
కేసింగు పైపుతో సహా.

నాకు గంగులప్ప గుర్తొచ్చినాడు.
అరచేతిలో టెంకాయ పండబెట్టుకుని చేనంతా నడిచేవాడు,
అది నిక్కి నిలబడిన చోట పాయింటు.
తర్వాత వైర్లు, డబ్బా పట్టుకుని సారొకాయన వచ్చె.
చెంగల్రాయుడి చేన్లో ఇద్దరూ పెట్టిరి,
పది అడుగుల ఎడంలో.
రెండిట్లోనూ పొగమాదిరి దుమ్మే లేచె.

"సూది తప్పితే?" అన్నాను.
"ఏమీ దొరకలేదంటే ఏమీ లేదని కాదు" అనింది.
ఆ మాట నాకు ఎవురూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు.
ఎండిన బోరు భూమిలో నీళ్లు లేవని చెప్పదు,
ఈడ లేవని చెప్తుంది.

"మీ నాయనకైతే ఏది చేస్తారమ్మా?"
ఫిల్మును మళ్లీ వెలుతురుకెత్తింది.
శానాసేపు చూసింది.
"గడ్డ అంచున ఉంది, ఎముకకు దగ్గర. సూదికి అందుతుంది.
లోపల్లోపల, గుండె పక్కన ఉంటే
అప్పు చేసైనా మద్రాసు పొమ్మనేదాన్ని."

శుక్రవారం పొద్దున. తిరుపతి ఆస్పత్రి, కింది అంతస్తు.
నున్నని గుండుకు చందనం పూసుకున్న వార్డుబాయి
నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టినాడు.
ఈపు మీద పెన్నుతో ఇంటూ గుర్తు.
నేను ముగ్గుపిండితో పెట్టే గుర్తే.
"టెంకాయ కొట్టరామ్మా?" అంటే
మాస్కు ఎనకాల నవ్వినట్టుంది.

"ఊపిరి బిగబట్టు."

సూది కొంచెం పోయి ఆగింది.
ఆ ఆగడం నాకు తెలుసు.
తిరిగే రాడ్డు మీద అరచెయ్యి ఆనిస్తే
మట్టి అయిపోయి రాయి మొదలయ్యే చోట
చేతికొక కబురొస్తుంది,
ఆ కబురు కోసం ఆగేదే అది.
రోబోకు అట్లాంటిది ఉండాదో లేదో
మద్రాసు పోయినోళ్లు చెప్పాల.

టప్.
మళ్లీ బిగబట్టు. టప్.
మూడుసార్లు.

సీసా చూపించమంటే చూపించింది.
మందునీళ్లలో మూడు సేమ్యా ముక్కలు.
మేము పదడుగులకొక కుప్ప పోసి రంగు చూస్తాము,
ఇరవై రెండేండ్లకు నా కుప్ప ఇంతే.
"పది దినాలకు రా."

మర్నాడు బస్సులో, భాకరాపేట ఘాటు ఎక్కుతా ఉంటే
బోరులారీ ఒకటి పక్కనే పోయింది.
పైపుల మీద ఒక పిల్లోడు,
మీసం రానోడు, తెల్లగా దుమ్ము కొట్టుకోని,
మెడలో తుండుగుడ్డ ఊరకనే ఎగరతా ఉంది.
"మూతికి కట్టుకోరా" అని అరవబోయినాను.
పక్కలో కలుక్కుమనింది.

లారీ మలుపు తిరిగేదాకా
ఎవురూ చెప్పకుండానే
ఊపిరి బిగబట్టుకున్నాను.