ఆరని జిగురు

పెరంబూరులో మూడు రోజులుగా ముసురు.
మైదా ఉడికించి చేసిన జిగురు
ఎంతకీ ఆరడం లేదు.

చాప మీద ఐస్‌క్రీం పుల్లలు, అగ్గిపెట్టెలు,
రూతమ్మత్త చీర నుంచి ఊడిన జరీ,
ఎవరం పేరెత్తని ఒక డబ్బా:
నాన్న మాత్రల రేకులు.
జూలై దాకా మింగినవి.

"వెండి కాగితం కావాలంటే ప్యారీస్ కార్నర్ దాకా పోవాలి,
ఈ నీళ్లలో ఎవరు పోతారు?"
అని అమ్మే మూత తీసింది.

కెజియా కత్తెర పట్టింది.
కంపెనీ పేర్లు, తేదీలు
చుక్క లోపలికి వచ్చేలా తిప్పి అంటించాం.
జారాయి. మళ్లీ అంటించాం.
ఇస్త్రీపెట్టె దగ్గరగా పట్టి ఆరబెడితే
ఒక కొమ్ము వంకర పోయింది.
"మీ నాన్న మెడా అటే వాలేది,
ప్రసంగం సాగితే" అంది అమ్మ.
ముగ్గురం నవ్వాం.
నవ్వి, ఒకరి మొహం ఒకరం చూడలేదు.

లోపల బల్బు పెట్టాం.
మాత్ర తీసిన ప్రతి చిరుగులోంచీ
ఒక్కో చుక్క వెలుగు.

ఒక రేకు మిగిలింది, నాలుగు మాత్రలతో.
కెజియా దాని మీదికి కత్తెర తెచ్చింది.
"అదొద్దు, దాంట్లోంచి వెలుతురు రాదు"
అంటూ అమ్మ తీసుకెళ్లి
పోపులపెట్టెలో ఆవాల కింద దాచింది.

గుమ్మం మీద వంకర నక్షత్రం.
పాలపాకెట్ల మురుగేశు రోజూ తల అటే వంచి చూస్తాడు.

రాత్రి కరెంటు పోయి వచ్చింది.
వంటింట్లోంచి అమ్మ:
"ఆరిందా?"
"ఇంకా లేదమ్మా."