పావంగుళం

మా పక్క బోరు నీళ్లను అంగుళాల్లో చెప్తారు.
రెండంగుళాలు పడితే ఊరంతా వచ్చి చూసి పోతాది.
పావంగుళమైతే
బోరు బండోడు కూడా తల పక్కకు తిప్పుకుని
డబ్బులు లెక్కపెట్టుకుంటాడు.

ఆ రాత్రి నా జట్టులోకొచ్చిన మనిషికి
పేరు పక్కన ఎర్రగీత అంతే ఉండింది.
పావంగుళం.
ఇంకా తక్కువేమో,
నా ఫోను అద్దం పగిలింది సరిగ్గా ఆ మూలనే.

పేరు చూస్తే, పాతసైకిల్.

తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే మిల్లుకు రాత్రి కాపలా నేను.
మిషన్లు ఆగినాక కూడా తెల్లపిండి గాల్లోనే తిరుగుతాంటాది.
నాపరాళ్ల దొంతి మీద కూచుని
ఎవురెవురితోనో కలిసి ఎవుర్నెవుర్నో కాలుస్తాంటాను.
తొలి నెలంతా నిండు రక్తమోళ్లనే ఎంచుకుంటి.
ఈ కొస నుంచి ఆ కొసదాకా పచ్చగీత,
బంగారు రంగు తుపాకి,
దిగీ దిగంగానే కేకలు, తలుపులు తన్నేది,
నిమిషంన్నరకు అందరూ పెట్టెలైపోయేది.
నేనూ పెట్టెనే.

పాతసైకిల్‌ను వదిలేసి పోదామనుకుంటి.
దావలో దొరికిన మందుపెట్టె మాత్రం
మర్యాదకి ఆయప్ప ముందర పడేస్తి.
"నువ్వే పెట్టుకో అప్పా," అనె మైకులో,
"నాకు గోడుంది."

నేనాడే ఆటలో గోడలుండాయని
ఆ పొద్దే తెలిసింది నాకు.

రేకు మీద కాలు పెట్టడు, గడ్డి మీద పెడతాడు.
పెట్టే ముందర వింటాడు.
విత్తనం కాయ ఏరేవాళ్ల మాదిరి
తూటాలు ఒక్కొక్కటే ఎంచి ఎంచి ఖర్చు పెడతాడు.
"ఇప్పుడు తలుపు తెరుస్తాడు చూడు" అంటాడు.
తెరుస్తాడు వాడు.
"ఎట్ల తెలిసె?" అంటే
"వాని రక్తం నిండుగా ఉంది కదప్పా,
ఆగలేడు."

ఒకసారి ఆయప్పే పడిపాయ.
పెట్టెలోంచి మాట మాత్రం వస్తానే ఉంది:
ఎడమ. కాదు, నీ ఎడమ. కూచో.
ఊపిరి బిగబట్టొద్దు, వదులు.
చచ్చినోని మాట విని బతికితి.

ఎప్పుడూ ఆ మైకు ఎనకాల ఏదో గోల,
దయచేసి వినండి అనే ఆడగొంతు.
గుంతకల్లు స్టేషన్లో
చిత్రాన్నం పొట్లాలు అమ్ముతాడంట.
కుళ్లాయప్ప అంట.
వయసు నేనడగలేదు, ఆయప్ప చెప్పలేదు.

మొన్న రాత్రి రెండున్నర.
వలయం కుంచుకుపోతాంది, అవతల ముగ్గురు.
ఆయప్పది మళ్లీ పావంగుళం, నాది ముప్పావు.
ఉన్నట్టుండి
"బండొచ్చె అప్పా. నాలుగే నిమిషాలు."
ఫోను జేబులో పడిన చప్పుడు.

గోడ పక్కన ఆ మనిషి నిలబడిపోయె,
కదలడు, మెదలడు,
తుపాకి మూతి నేలకు.

పోవచ్చు నేను.
నాకు తెలిసిన గోడలు ఇప్పుడు చానా ఉండాయి.
పోలేదు.
ఆయప్పకూ తూటాకూ నడుమ నిలబడుకుంటి.

జేబులోంచి వినపడతానే ఉంది,
చిత్రాన్నం చిత్రాన్నం, ఇరవై,
చిల్లర లేదు సామీ, దిగొద్దు, నేనే అందిస్తా,
ఏ కిటికీలోనో పసిబిడ్డ ఏడుపు,
ఇనుము ఇనుమును లాగిన చప్పుడు,
బండి ఎంబడి ఉరికే చెప్పులు.

ఒకటి తగిలె నాకు. ఇంకొకటి.
నా గీత కరిగి కరిగి
అద్దం పగిలిన మూలకు చేరె.
ఏం ఇచిత్రమో, అప్పుడు బాగా వినపడబట్టె,
ఎడమ పక్క గడ్డిలో అడుగు,
వాని ఆత్రం.
కాల్చలేదు. ఇంకా దగ్గరికి రానిస్తి.

రొప్పుతా వచ్చె గొంతు.
"ఏమప్పా, ఉండానా నేను?"
"ఉండావు."
"నీదెంతుంది?"
చెప్తి.

కొంచేపు ఏమీ అనలేదు.
"పదకొండు పొట్లాలు పాయ," అనె.
"ఇంగ పద."